మెట్టు నొక్కితే మోగాలి

మా రోజుల్లో మెట్టు నొక్కితే మోగేది నాయనా. నొక్కడానికీ మోగడానికీ నడుమ ఒక సందు ఉంటుందని, దానికి లేటెన్సీ అని పేరు పెట్టి మిల్లీసెకన్లలో కొలుస్తారని, ఆ అంకె తగ్గించుకోవడానికి మెనూ వెనక మెనూ తెరుచుకుంటూ పోవాలని మాకెవరూ చెప్పలేదు. పద్యనాటకాల హార్మోనియం మీద చెయ్యి తిరిగినవాణ్ణి నేను. నటుడు పద్యం ముగించి రాగం అందుకుంటే ఆయన ఎంత దూరం పోతే అంత దూరం వెంట పోవడం, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో భుజం కదలిక చూసి పసిగట్టడం, జనం వన్స్‌మోర్ అంటే విసుక్కోకుండా మళ్ళీ మొదటికి రావడం, ఇదే మా చదువు. క్లిక్కు లేదు, గ్రిడ్డు లేదు. ఆ చెవిని నమ్ముకునే మద్రాసు రైలెక్కాను. కోడంబాకం, వడపళని స్టూడియోల్లో కీబోర్డుల ముందు కూర్చున్నాను. పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చాను. ఇప్పుడు కృష్ణానగర్ గదుల్లో ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, చెవుల్లో బ్లూటూత్ ముక్కలు దూర్చుకుని, రెండు ఆక్టేవుల బుల్లి కీబోర్డు మీద ఒంటి వేలితో బీట్లు కొట్టే మిమ్మల్ని చూస్తున్నాను. "టైమింగ్ కుదరట్లేదు సార్, సిస్టమ్ స్లో" అంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. మీ విషయంలో మద్దెల నిజంగానే ఓడు. కాకపోతే దాన్ని ఓడు చేసిందీ మీరే.

ఆలస్యం అంటే ఏమిటో మాకు తెలియక కాదు. శబ్దం గాలిలో మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. పెద్ద రికార్డింగ్ థియేటర్లో పది మీటర్ల అవతల కూర్చున్న వయొలిన్ ఆయన విల్లు లాగితే అది తబలా ఆయన చెవిన పడేసరికి 30 మిల్లీసెకన్లు గడిచిపోయేవి. అయినా పాట ఎక్కడా బెణికేది కాదు. అందరి కళ్ళూ కండక్టర్ చేతి మీద ఉండేవి. చెవికి ఆలస్యంగా చేరినా కంటికి ఆలస్యం లేదు. ఎవరు ఎంత దూరాన ఉన్నారో ఎదురుగా కనిపిస్తూనే ఉండేది, దానికి తగ్గట్టు చెయ్యి తనంతట తానే సర్దుకునేది. ఒక్కరు తప్పితే అందరూ మొదటికి రావాలి కనుక ఒక్కొక్కరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాయించేవాళ్ళు. టేకు ఓకే అయ్యాక కాఫీ వచ్చేది. ఆ కాఫీ గురించి మొదలుపెడితే ఈ వ్యాసం అక్కడే ఆగిపోతుంది, కాబట్టి వదిలేస్తున్నాను. చెప్పొచ్చేదేమిటంటే మా ఆలస్యం కళ్ళకు కనపడేది, రోజూ ఒకేలా ఉండేది. మీ ఆలస్యం కనపడదు, పైగా ఇవాళ ఒకలా ఉంటే రేపు కొత్త ప్లగిన్ వేశాక ఇంకోలా ఉంటుంది.

వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి అనే భాష మాతోనే పుట్టింది, అది మీరు కనిపెట్టినట్టు మాట్లాడకండి. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600నూ రోలాండ్ జూపిటర్-6నూ ఒక తీగతో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికేలా చూపించారు. డేవ్ స్మిత్ ప్రాఫెట్ చేసిన కంపెనీవాడు, ఇకుతారో కకెహాషి ఆయనకు పోటీ అయిన రోలాండ్ కంపెనీవాడు. పోటీదారులిద్దరూ కూర్చుని ఒకే భాషకు ఒప్పుకున్నారు. 30 ఏళ్ళ తర్వాత, 2013లో, ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఈ రోజుల్లో రెండు ఫోన్ కంపెనీలను ఒక ఛార్జర్ మీదికి తీసుకురావడానికి ప్రభుత్వాలు చట్టం చేయాల్సి వచ్చింది.

ఆ మిడి తీగ వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక నోటు చెప్పడానికి 3 బైట్లు, ఒక్కో బైటుకు 320 మైక్రోసెకన్లు, వెరసి నోటుకు దాదాపు 1 మిల్లీసెకను. అన్నీ ఒకదాని వెనక ఒకటి పోవాల్సిందే. రాజమండ్రి హేవలాక్ వంతెన గుర్తుందా, మీకెందుకు గుర్తుంటుంది, 1997లోనే రైళ్ళు ఆపేశారు. ఒంటి లైను మీద ఒక బండి దాటితేనే రెండోది కదిలేది, మిగిలినవి గట్టున నిలబడేవి. మిడి తీగ అంతే. పది వేళ్ళూ ఒకేసారి వేస్తే పదో నోటు తొమ్మిది నోట్ల వెనక నిలబడి వస్తుంది. ఇది నోటు అని చెప్పే స్టేటస్ బైటును మళ్ళీ మళ్ళీ పంపకుండా ఉండే రన్నింగ్ స్టేటస్ కిటుకుతో ఆ సమయంలో మూడో వంతు ఆదా అయ్యేది. ఇక 16 ఛానెళ్ళలో స్ట్రింగ్సు, బేసు, డ్రమ్స్, బ్రాసు అన్నీ ఒకే తీగలో కూరితే కిక్కు ఒక చోట, బేసు ఇంకో చోట పడేవి.

దానికి మేమేం చేశాం? మూలన కూర్చుని ఏడ్చామా? డ్రమ్స్‌ని మొదటి ట్రాకులో పెట్టాం. నోట్లను దాచుకుని వరసగా పంపే సీక్వెన్సర్ ట్రాకులను పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది కనుక దెబ్బ పడాల్సినది ముందు వెళ్ళిపోయేది, మెల్లగా లేచే స్ట్రింగ్సు వెనక వచ్చినా ఎవరికీ తెలిసేది కాదు. ఇక గమకం. మన పాటకు గమకం కావాలంటే పిచ్ బెండ్ చక్రం తిప్పాలి, ఒక్క గమకానికి ఆ చక్రం కుప్పలుగా మెసేజిలు పోస్తుంది. కీ మీద వేలు అదిమితే ఆఫ్టర్‌టచ్ అని ఇంకో వరద. పనికిరాని ఆఫ్టర్‌టచ్‌ను వడకట్టేవాళ్ళం, బెండులో ఒకటి విడిచి ఒకటి తీసేసి పలచన చేసేవాళ్ళం, రద్దీ మరీ ఎక్కువైతే రెండో పోర్టుకు మళ్ళించేవాళ్ళం. ఏ మెసేజి ఎందుకు పోతోందో మాకు తెలుసు. నీ ప్రాజెక్టులో ఒక్క నోటుతో పాటు ఏమేం పోతున్నాయో ఒకసారి ఈవెంట్ లిస్టు తెరిచి చూడు నాయనా. ఆ కిటికీ ఒకటి ఉందని తెలుసా అసలు?

1986లో పున్నగై మన్నన్ అనే తమిళ సినిమా థీమ్ సంగీతానికి ఇళయరాజా గారు కంప్యూటర్ సీక్వెన్సింగ్ వాడారని తెలిసి మద్రాసంతా చెవులు కొరుక్కుంది. రాజ్-కోటి గార్ల దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడు 1992లో రోజా సినిమాతో ఏ.ఆర్.రహమాన్‌గా దేశమంతటికీ తెలిశాడు. వాళ్ళ యంత్రాలు మీ ఫోన్‌లో నూరో వంతు చేయవు. అటారీ ఎస్టీ అనే కంప్యూటర్ 1985లో వచ్చింది. 8 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 1040 మోడల్లో 1 మెగాబైటు మెమరీ. కానీ మిడి సాకెట్లు దాని ఒంట్లోనే ఉండేవి, బయట డబ్బా అక్కర్లేదు. 1989లో క్యూబేస్ సీక్వెన్సర్ వచ్చింది కూడా మొదట దాని మీదకే. ఆ పెట్టె ఒక సమయంలో ఒక్క పనే చేసేది. సీక్వెన్సర్ నడుస్తోందంటే ఇంకేమీ నడవదు. వైఫై లేదు, అప్‌డేటు లేదు, మూలన గంట మోగించే మెసేజి లేదు. అందుకే దాని టైమింగ్ అంత గట్టిది. మీ ల్యాప్‌టాప్ సెకనుకు కోట్ల లెక్కలు చేస్తుంది, అందులో సగం లెక్కలు నీ పాటకు సంబంధం లేనివి.

అంతెందుకు, టేపు సంగతి చూడండి. 24 ట్రాకుల టేపు మీద చివరి ట్రాకులో టైమ్‌కోడ్ వేసి, అది పక్క ట్రాకులోకి కారుతుందని 23వ ట్రాకు ఖాళీగా వదిలి, ఆ కోడ్ చదువుతూ సీక్వెన్సర్ టేపు వెంట నడిచేది. టేపు మొదలయ్యాక రెండూ కలవడానికి కాసేపు ఆగాలి. పాట మొదటికి రావాలంటే రీలు వెనక్కి తిరగాలి. ఆ తిరిగే సేపట్లో సంగీత దర్శకుడు కళ్ళు మూసుకుని చరణం ఆలోచించుకునేవాడు, ఫ్లూట్ ఆయన బిట్టు మళ్ళీ చూసుకునేవాడు, నేను వేళ్ళు విరుచుకునేవాణ్ణి. మంచి ఊహలు చాలా ఆ రీలు తిరుగుతున్నప్పుడే వచ్చాయి. మీకు స్పేస్‌బార్ కొడితే మొదటికి వస్తుంది. ఆలోచన రావడానికి ఖాళీ ఎక్కడుంది?

తర్వాత మొదలైంది అసలు పతనం. 1996లో క్యూబేస్‌కు ప్లగిన్లు, 1997లో ఏసియో డ్రైవర్లు, 1999లో వాద్యాలు కూడా ప్లగిన్లే. కీబోర్డులోంచి శబ్దం తీసేసి కంప్యూటర్‌లో పెట్టారు. కీ నొక్కితే ముందు యూఎస్‌బీలో పోవాలి, తర్వాత డ్రైవర్, తర్వాత సాఫ్ట్‌వేర్, అక్కడ వాద్యం లెక్క కట్టి శబ్దం తయారుచేయాలి, అది బఫర్ అనే తొట్టి నిండాక బయటికి రావాలి, ఆపైన కన్వర్టర్, స్పీకర్. బఫర్ సంగతి లెక్కవేసి చెప్తాను, రాసుకో. సెకనుకు 48 వేల శాంపిళ్ళ రేటులో 64 శాంపిళ్ళంటే 1.3 మిల్లీసెకన్లు, 128 అంటే 2.7, 256 అంటే 5.3, 1024 అంటే 21 పైచిలుకు. 120 టెంపోలో పదహారో వంతు నోటు నిడివి 125 మిల్లీసెకన్లు. అంటే 1024 పెట్టుకుని వాయించేవాడు ప్రతి దెబ్బనూ ఆ నిడివిలో ఆరో వంతు ఆలస్యంగా వింటున్నాడన్నమాట. ఇది బఫర్ ఒక్కదాని లెక్క, దారిలో మిగిలినవన్నీ దీని మీద అదనం.

పెద్ద బఫర్ మిక్సింగ్‌కి. ప్లగిన్లు పాతిక వేసినప్పుడు ప్రాసెసర్ ఊపిరాడక చిటపటలాడకుండా ఉండటానికి. వాయించేటప్పుడు దాన్ని దించాలి. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది కుర్రాళ్ళు తమకు లయ లేదని దిగులుపడుతున్నారో! దీనికి తోడు మాస్టర్ ట్రాకు మీద మొదటి రోజే లిమిటర్ పెడతారు. అది ముందుకు తొంగి చూసి పని చేసే రకం. అలా చూడాలంటే శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచాలి. లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ ఇంకా ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి తరహాలో, ఒకటి వెనకబడింది కదా అని మిగిలిన ట్రాకులన్నిటినీ దాని కోసం ఆపుతుంది. దాన్నే డిలే కాంపెన్సేషన్ అంటారు. పాట వినేటప్పుడు అది వరం, వాయించేటప్పుడు శాపం. క్యూబేస్‌లో దాన్ని కట్టడి చేసే బొత్తాం ఉంది, లాజిక్‌లో లో లేటెన్సీ మోడ్ ఉంది. నొక్కేవాడేడీ?

ఇక ఆ చెవిలో బ్లూటూత్. పాటను ముక్కలుగా కుదించి, గాలిలో పంపి, మళ్ళీ విప్పి వినిపించేసరికి 100 మిల్లీసెకన్లు దాటిపోవడం మామూలు. సినిమా చూడటానికి సరే, అక్కడ బొమ్మను కూడా ఆపి సర్దుతారు. నీ వేలిని ఎవరు ఆపి సర్దుతారు? తీగ ఉన్న హెడ్‌ఫోన్ కొనమంటే పాతకాలం మనిషి అంటారు. అవును, ఆ తీగకు ఆలస్యం లేదు.

ఆలస్యం కంటే పాడుది ఇంకోటుంది, జిట్టర్, అంటే ఆ ఆలస్యం నిలకడగా లేకపోవడం. ఆలస్యం ఎప్పుడూ 6 మిల్లీసెకన్లే అయితే వేలు దానికి అలవాటు పడుతుంది. మా డీఎక్స్-7, డీ-50 కీబోర్డులు కూడా నొక్కిన క్షణానే పలకలేదు, వాటికీ కొన్ని మిల్లీసెకన్లు పట్టేవి. కానీ ఆ కొన్ని అటూ ఇటూ పెద్దగా కదిలేవి కావు. ఒక నోటుకు 4, ఇంకోదానికి 15, మళ్ళీ 7 అయితే ఏ వేలు అలవాటు పడుతుంది? బఫర్ పెద్దదైన కొద్దీ, నోటు వచ్చిన క్షణాన్ని సాఫ్ట్‌వేర్ సరిగా గుర్తుపెట్టుకోకపోతే, నోట్లన్నీ తొట్టి అంచుకు వచ్చి పడతాయి. విండోస్‌లో డ్రైవర్ గడియారం, సాఫ్ట్‌వేర్ గడియారం పొసగకపోతే రికార్డయిన నోట్లన్నీ ఒకే కొలతలో ముందుకో వెనక్కో జరిగి కూర్చుంటాయి.

వీటిని సరిచేసుకోకుండా మీరు చేసే పని క్వాంటైజ్. అన్ని నోట్లనూ పట్టుకుని గీతల మీద నిలబెట్టడం. అక్కడే నాకు కడుపు మండేది. మన సంగీతంలో తాళం దెబ్బ మీదే ఎత్తుకుంటే సమం, ముందో వెనకో ఎత్తుకుంటే అతీతం, అనాగతం. కావాలని జరగడం ఒక విద్య. డోలక్ ఆయన రెండో దెబ్బను జుట్టంత వెనక్కి లాగితే పల్లవికి నడక వచ్చేది, బేసు ఆయన రవ్వంత ముందుంటే చరణం పరిగెత్తేది. యంత్రం చేసిన ఆలస్యాన్ని తుడవబోయి మనిషి పెట్టిన ఆలస్యాన్ని కూడా తుడిచేస్తున్నారు. ఆ తర్వాత హ్యూమనైజ్ అనే బొత్తాం నొక్కి గుడ్డిగా చెదరగొడతారు. మనిషి అలా గుడ్డిగా చెదరడు నాయనా, ఒక ఉద్దేశంతో జరుగుతాడు.

స్ట్రింగ్స్ లైబ్రరీలు ఇంకో తలనొప్పి. నిజమైన వయొలిన్లను రికార్డు చేసి అమ్ముతున్నారు, బాగుంటాయి, కాదనను. విల్లు ఆనిన క్షణం నుంచి స్వరం నిండే వరకు అంతా అందులో ఉంది. కానీ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే లెగాటో నోటు పూర్తిగా నిలబడేసరికి కొన్నిట్లో 100 మిల్లీసెకన్లు పైన పడుతుంది. క్లిక్కు మీద వాయిస్తే వెనకబడినట్టే వినిపిస్తుంది. దానికి ట్రాకు డిలేలో మైనస్ అంకె వేసి మొత్తం ముందుకు జరపాలి, స్టకాటోకు వేరే అంకె, లెగాటోకు వేరే అంకె. మా కాలంలో వయొలిన్ సెక్షన్ వాళ్ళకు మైనస్ అంకెలు అక్కర్లేదు, స్వరం ఎప్పుడు నిండాలో తెలిసి విల్లు ముందే ఆనించేవాళ్ళు.

గాయకుల మాటా చెప్పాలి. కంప్యూటర్లో తిరిగి వచ్చిన తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తుంటే ఎంత పెద్ద గాయని అయినా తడబడుతుంది. గొంతు ఎముకల గుండా ఒకసారి, హెడ్‌ఫోన్‌లో ఇంకోసారి చేరి, రెండూ కలిసి డొల్లగా మోగుతుంది. ఇంటర్‌ఫేస్‌లోనే నేరుగా వినిపించే డైరెక్ట్ మానిటరింగ్ ఉంది, అది పెట్టండి. ఆమె శ్రుతి తప్పిందని తర్వాత ట్యూనింగ్ ప్లగిన్‌తో దిద్దే కంటే, తప్పించకుండా ఉండటం మర్యాద.

న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్య మనవడు హైదరాబాద్ స్నేహితులతో ఆన్‌లైన్‌లో కలిసి ఒకేసారి వాయిస్తానంటాడు. సుమారు 13 వేల కిలోమీటర్ల దూరం. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. గీత గీసినట్టు తిన్నగా తీగ వేసినా ఒక వైపుకే 65 మిల్లీసెకన్లు. ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్ కొన్నా వెలుగు వేగం పెరగదురా అన్నాను. ఒకరు వాయించి పంపితే ఇంకొకరు దాని మీద వాయించండి, లేదా విమానమెక్కి రండి.

ఇంతా తిట్టి ఒక మాట ఒప్పుకోవాలి. 1940లో ఆలిండియా రేడియో నా హార్మోనియాన్నే గడప తొక్కనివ్వలేదు. గమకం పలకని విదేశీ పెట్టె అని ఆనాటి పెద్దలు దాన్ని మూడు దశాబ్దాలు దూరం పెట్టారు. వాళ్ళ దృష్టిలో సంగీతం నాతోనే చెడిపోయింది. అటారీ ఫ్లాపీ చెడిపోతే పాట పోయేది, ఇది కూడా నిజం. అప్పుడు ఈ సరంజామా పెద్ద స్టూడియోలకే దక్కేది, ఇప్పుడు పల్లెటూరి పిల్లవాడు కూడా ఇంట్లో పాట కట్టగలుగుతున్నాడు. 2020లో వచ్చిన మిడి 2.0లో జిట్టర్‌ను సరిచేసేందుకు ప్రతి మెసేజికీ సమయం ముద్ర వేసే ఏర్పాటు ఉంది. మంచిదే. అయినా మా రోజులే మంచివి. మా చేతిలో తక్కువ ఉండేది, ఉన్నదాన్ని పూర్తిగా తెలుసుకునేవాళ్ళం.

కాబట్టి నాయనా, ఈ ముసలాడి మాట ఒక్కసారి విను. కీబోర్డు పక్కన ఒక మైకు పెట్టు, కీ మీద వేలు తగిలిన టక్కుమన్న చప్పుడునూ స్పీకర్లోంచి వచ్చిన స్వరాన్నీ కలిపి వేరే రికార్డర్లో పట్టు, రెండింటి మధ్య ఖాళీ కొలువు. అదే నీ అసలు లేటెన్సీ, తెర మీద చూపించే అంకె కాదు. వాయించేటప్పుడు బఫర్ 128కో 64కో దించు. మాస్టర్ మీద లిమిటర్ ఆపు. వైఫై ఆపు. బ్లూటూత్ తీసి తీగ తగిలించు. ఖాళీ 10 మిల్లీసెకన్ల లోపలికి వచ్చి, పదిసార్లు కొలిచినా కదలకుండా ఉంటే యంత్రం బాగున్నట్టే. అప్పుడూ లయ కుదరకపోతే మౌస్ ముట్టుకోవద్దు, ఆ బిట్టు మళ్ళీ వాయించు. కుదిరేదాకా వాయించు. మేము నేర్చుకున్నది అలాగే, ఇంకో దారి లేదు.